కథ కంచికి చేరు విధము

కథ చెప్పిన అవ్వ “కథ కంచికి, మనమింటికి” అని లేచును. ఒకనాడు పిల్లలు తృప్తితో నిద్రకుపక్రమింతురు. మరియొకనాడు “తరువాత ఏమైనది?” అని ఆమె కొంగు విడువరు. రెండునాళ్లును చెప్పినది ఆ అవ్వయే. భేదమంతయు ముగింపులో నున్నది.

శుభముగా ముగిసిన కథయే తృప్తినిచ్చునని పలువురు తలతురు. అది కొంతవరకే నిజము. ఖమ్మము ప్రాంతమున ఎర్రుపాలెము మొదలుకొని భద్రాచలపుటడవుల వరకు ఆబాలగోపాలము ఎరిగిన కథ రామకథ. శ్రీరామనవమినాడు భద్రాద్రిలో కల్యాణము, మరునాడు మహాపట్టాభిషేకము జరుగును. రామాయణము చెప్పు పెద్దలును పెక్కుమంది పట్టాభిషేకముతోనే గ్రంథము మూయుదురు. అచ్చట వినువారి మనస్సు నిండుటకు కారణము రాముడు సింహాసనమెక్కుట మాత్రమే కాదు. ఆ పట్టాభిషేకము అయోధ్యాకాండము మొదటనే ఆరంభమై ఆగిపోయినది. ముహూర్తము నిశ్చయమైనది; పురమలంకరింపబడినది; ఒక్క రాత్రిలో కైక వరములడిగి అంతయు తారుమారు చేసినది. నాడు నిలిచిన పని పదునాలుగేండ్లును వినువాని మనస్సులో మెదలుచునే యుండును. సింహాసనముపై పాదుకలున్నవి. నందిగ్రామమున భరతుడు నారచీరలు కట్టి దినములు లెక్కించుచున్నాడు. గడువు దాటినచో అగ్నిలో ప్రవేశింతునని అన్నతో చెప్పియున్నాడు. అందుచేతనే రావణుడు కూలినను కథ తీరదు. హనుమంతుడు ముందుగా పోయి భరతునికి శుభవార్త చెప్పువరకు వినువాని గుండె కుదుటబడదు. ఇంతటి సంతోషములోను ఒక కొరత కలదు. కొడుకు పట్టాభిషేకమును కోరిన దశరథుడు అయోధ్యలో లేడు. ఆ కొరతను పూడ్చియుండినచో, పడిన కష్టమంతయు ఒట్టి మాటయై పోయెడిది.

నవలలను చదువునప్పుడును ఈ విషయము తెలియును. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధిని పత్రికలో వెలువడనారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చినది. ఆంగ్లకవి గోల్డుస్మితు నవల ఛాయలు అందు కలవు. ముఖస్తుతులకు లొంగి ఆస్తి పోగొట్టుకొనిన రాజశేఖరుడు తుదకు తేరుకొనును, చనిపోయిరనుకొన్నవారు తిరిగివత్తురు. ఇన్ని మేళ్లొక్కమారే కలసివచ్చుట కొంత అతిశయమే. అయినను పాఠకుడు క్షమించును. ఆ మనుష్యులను అతడు మొదటినుండి ఎరుగును.

ఇంగ్లండులో కానన్ డాయిల్ అను రచయిత షెర్లాక్ హోమ్సు అను అపరాధపరిశోధకుని కథలు వరుసగా వ్రాసెను. అవి వ్రాసి వ్రాసి విసిగి, 1893లో ఆ కథానాయకుని ఒక జలపాతమున పడి మరణించినట్లు ముగించెను. పాఠకులు మండిపడిరి. హోమ్సును చంపుటకై కల్పించిన మోరియార్టీ అను దుర్మార్గుని పేరు అంతకుముందు వచ్చిన కథలలో ఎచ్చటను లేదు! పదేండ్లకు, 1903లో, డాయిల్ తన నాయకుని మరల బ్రతికింపక తప్పలేదు.

మరణముతోనో వియోగముతోనో ముగిసిన కథలన్నియు ఇట్లు అసంతృప్తి కలిగించునా? ఉత్తరకాండమును చూడుడు. సీత లంకలో అగ్నిప్రవేశము చేసినది. పిదప లోకుల మాటకు అడవుల పాలైనది. తుదకు నిండుసభలో మరల శపథము చేయవలసివచ్చినప్పుడు, ఆమె రాముని చెంతకు రాక భూదేవిని వేడి ఆమె ఒడి చేరినది. వినువారు కన్నీరు పెట్టుకొందురు గాని, ఇది అతికించిన ముగింపని అనరు. సీత యనగా నాగేటిచాలు. జనకునకు ఆమె చాలులో దొరికినదని బాలకాండముననే విన్నాము. పుట్టినింటికి పోయిన బిడ్డను కథకుడు బలవంతముగా వెనుకకు తేలేదు.

ఈ కథను ఎచ్చట ఆపవలెనో మన కవులును ఒక్క రీతిగా నిర్ణయింపలేదు. మొల్ల పట్టాభిషేకముతో ముగించినది. రంగనాథ రామాయణమున గోన బుద్ధారెడ్డి యుద్ధకాండము వరకు చెప్పగా, అతని కుమారులు కాచవిభుడును విఠ్ఠలరాజును ఉత్తరకాండమును రచించిరి. పదుమూడవ శతాబ్దమున తిక్కన ఉత్తరకథనే చేపట్టి నిర్వచనోత్తర రామాయణమును పది ఆశ్వాసములుగా వ్రాసెను. కాని రామనిర్యాణము జోలికి పోక గంటము దించెను. ఆ కథ మిగిలిపోయినదను వెలితి తీరలేదు కాబోలు, తరువాతి కాలమున జయంతి రామభట్టు అను కవి పదునొకండవ ఆశ్వాసమును రచించి దానికి చేర్చెను.