మన ఫీడ్ మీద మనకి చెప్పకుండా ప్రయోగం చేస్తే?

2012 జనవరి. ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మంది ఫీడ్‌ని కావాలనే మార్చింది. కొందరికి సంతోషంగా ఉండే పోస్టులు తగ్గించారు, కొందరికి బాధగా ఉండేవి. తర్వాత వాళ్లు రాసే మాటలు మారాయా అని లెక్కపెట్టారు. మారాయి, కానీ చాలా కొంచెం. 2014లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి పేపర్ వేస్తే గానీ జనానికి తెలీలేదు.

పర్మిషన్ తీసుకున్నారా? అకౌంట్ ఓపెన్ చేసేటప్పుడు 'ఐ అగ్రీ' నొక్కారుగా అన్నారు. చదివి నొక్కినవాళ్లు కామెంట్లో చెప్పండి, దండం పెడతా!

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఏ/బీ టెస్టులు బోలెడు చేశా. సగం మందికి నీలం బటన్, సగం మందికి ఆకుపచ్చ. ఎవర్నీ అడగలేదు, తప్పనీ అనిపించలేదు. కానీ బటన్ రంగు వేరు, మనిషి మూడ్ వేరు కదా.

అసలు చిక్కు ఇక్కడుంది. ముందే చెబితే మనం మామూలుగా ఉండం, రిజల్ట్ పాడవుతుంది. చెప్పకపోతే, ఆ వారం ఎవరైనా అప్పటికే డిప్రెషన్‌లో ఉంటే? అందుకే సైకాలజీలో ప్రయోగం అయ్యాక కూర్చోబెట్టి మొత్తం చెబుతారు, దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఇక్కడ అదీ లేదు.

ఫేస్‌బుక్‌ని ఇంగ్లిష్‌లో వాడేవాళ్లలోంచి ఎంచుకున్నారు. అప్పుడు నేను టెన్త్, నా అకౌంటూ ఇంగ్లిష్‌లోనే ఉండేది. అందులో నేనున్నానో లేదో నాకింకా తెలీదు.