బట్టీ వద్దు... అమ్మకు చెప్తే చాలు!

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే పిల్లల కంటే తల్లులకే బెంగ ఎక్కువ. తెలుగు, సోషల్ అయితే దగ్గర కూర్చుని అప్పజెప్పించుకుంటారు. రసాయన శాస్త్రం దగ్గరికొచ్చేసరికి 'నాకేం తెలుసే, నువ్వే చదువుకో' అని తప్పుకుంటారు. అమ్మాయి ఫార్ములాలన్నీ బట్టీ పడుతుంది. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేస్తుంది. 'సైన్సు నా వల్ల కాదు' అన్న భయం ఒకసారి పట్టుకుంటే, ఇంటర్‌లో ఏ గ్రూపన్నది కూడా ఆ భయమే తేలుస్తుంది.

మీకు రసాయన శాస్త్రం రాకపోయినా ఫర్వాలేదు. మీరు చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు.

దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా! 'ఎందుకే?' అని అడగండి. సున్నం క్షారమని, పసుపు దాన్ని పట్టిచ్చే సూచిక అని తను చెప్పాలి. ఆ నీళ్లలోనే నిమ్మకాయ పిండుతూ పొమ్మనండి. మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది. ఆమ్ల, క్షారాల పాఠం ఇక మరిచిపోదు. అయితే పొడి సున్నంలో నీళ్లు పోసే ప్రయోగం మాత్రం ఇంట్లో వద్దు. సలసలా కాగి మీదకు చిమ్ముతుంది.

సమీకరణాలు తుల్యం చేయడం చాలామందికి కొరుకుడు పడదు. నిజానికి ఆ లెక్క మీరే సరిచూడొచ్చు. బాణం గుర్తుకు ఇటు ఎన్ని పరమాణువులుంటే అటూ అన్నే ఉండాలి. 2 హైడ్రోజన్ అణువులు, 1 ఆక్సిజన్ అణువు కలిస్తే 2 నీటి అణువులు వస్తాయి. ఇటు 4 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు. అటూ అంతే. లెక్క కుదరకపోతే పిల్లలు ఫార్ములాలోని చిన్న అంకెను మార్చేస్తుంటారు. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద 2 వేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! మార్చాల్సింది ఫార్ములా ముందుండే అంకెనే.

కూరలో ఉప్పు వేస్తూ అదెలా తయారైందో అడగండి. సోడియంలో ఎలక్ట్రాన్లు 2, 8, 1. క్లోరిన్‌లో 2, 8, 7. ఒకటి మిగిలిన సోడియం ఇస్తుంది, ఒకటి తక్కువైన క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడమే అయానిక బంధం.

రోజుకో పావుగంట ఇలా అడగండి. అర్థం కాకపోతే మొహమాటపడకుండా 'మళ్లీ చెప్పు' అనండి. తను తడబడిన చోటే మరోసారి చదవాల్సిన చోటు. మీ చదువు ఏ క్లాసులో ఆగిందన్నది దీనికి అడ్డు కానే కాదు.