డబ్బు వచ్చినట్టు కనిపిస్తే చాలదు

విదేశాలకు కారు విడిభాగాలు అమ్మే మనవాళ్లకు సార్నియా నుంచి కొన్ని జాగ్రత్తలు

మా ఊరు సార్నియా. కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి నైరుతి కొసన, హ్యూరాన్ సరస్సు సెయింట్ క్లెయిర్ నదిగా మారేచోట ఉంటుంది. నది అవతలి ఒడ్డు అమెరికా. 1938లో ప్రారంభమైన బ్లూ వాటర్ వంతెన దాటితే మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరాన్. చమురు శుద్ధి కేంద్రాలు, రసాయన కర్మాగారాలు వరసగా ఉండటంతో ఈ ప్రాంతాన్ని 'కెమికల్ వ్యాలీ' అంటారు. ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని, ల్యాంబ్టన్ కాలేజీలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మరికొందరు ఇక్కడ ఉన్నాం.

నేను ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ పని చేస్తాను. శని, ఆదివారాల్లో ఇంటి గ్యారేజీలో ఇంకో పని ఉంటుంది. తుక్కు యార్డుల్లో పాత కార్ల నుంచి పనికొచ్చే భాగాలు విప్పి తెచ్చుకుని, శుభ్రం చేసి, పరీక్షించి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఈ వ్యాపారానికి ఇక్కడ ఆధారం ఉప్పే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. బాడీ తుప్పు పట్టి కారు తుక్కుకు వెళ్లే నాటికి ఆల్టర్నేటర్, స్టార్టర్, హెడ్‌లైట్లు, ఇంజిన్ కంప్యూటర్ లాంటివి ఇంకా బాగానే ఉంటాయి. అవి గల్ఫ్ దేశాల్లో, నైజీరియా, ఘనా లాంటి చోట్ల బాగా పనికొస్తాయి. అక్కడా ఇక్కడిలాగే స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, అవే టయోటాలు, హోండాలు తిరుగుతుంటాయి.

ఈ మధ్య కాలేజీ పిల్లలు కూడా ఇందులోకి దిగుతున్నారు. ఒకరు తమ పాత కారు రిమ్ములు అమ్ముతారు, ఇంకొకరు యార్డు నుంచి గేర్‌బాక్సు తెస్తారు. అద్దెకో ఫీజుకో నాలుగు డాలర్లు కలిసొస్తాయని ఆశ. మోసగాళ్లు ఎదురుచూసేది సరిగ్గా ఇలాంటి అమ్మకందారుల కోసమే. కొనేవాడు మోసపోవడం గురించి అందరికీ తెలుసు. అమ్మేవాడూ మోసపోతాడన్న సంగతి చాలామందికి తట్టదు. సరుకు మన చేతిలోనే ఉంది కదా, మనకేం భయం అనుకుంటారు.

అసలు బేరగాడు ఏమడుగుతాడు?

ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. వచ్చిన మెసేజీలో వస్తువు గురించి ఏముందో చూస్తాను. నిజంగా కొనేవాడికి కారు ఆగిపోయి ఉంటుంది. పార్టు నంబరు అడుగుతాడు. ఏ సంవత్సరం మోడల్ నుంచి తీశారంటాడు. 17 అక్షరాల చాసిస్ నంబరు పంపి సరిపోతుందా అని అడుగుతాడు. కనెక్టర్ దగ్గర పగులుందా, ఇంకో ఫొటో పెట్టండి అంటాడు. ఆ తర్వాత ధర దగ్గర గీసి గీసి బేరమాడతాడు. విసుగొచ్చినా సంతోషించాల్సిన విషయమే.

మోసగాడికి వస్తువుతో పని లేదు. 'ఐటమ్ ఇంకా ఉందా' అని మొదలుపెడతాడు. ఆ ఐటమ్ ఏమిటో పేరెత్తడు. బేరమాడడు. ప్రకటన తీసేయండి, యాభై డాలర్లు ఎక్కువిస్తానంటాడు. రెండో మెసేజీకే వాట్సాప్‌కో ఈ-మెయిల్‌కో రమ్మంటాడు. అమ్మకపు సైటులో మాట్లాడుకున్నంతవరకు ఆ మాటలు రికార్డులో ఉంటాయి, బయటికి వస్తే ఉండవు. అందుకే ఆ తొందర.

ఇంకో చిన్న చిట్కా. బ్రిటన్‌లోనో కెన్యాలోనో ఉన్నానని చెప్పి మన స్టీరింగ్ రాక్ గానీ, హెడ్‌లైట్ల జత గానీ కావాలన్నాడనుకోండి. ఆ దేశాల్లో, మన ఇండియాలో లాగే, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. ఇక్కడి రాక్ అక్కడ బిగించడం కుదరదు, హెడ్‌లైటు వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. నిజమైన బేరగాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలిసి ఉంటుంది. 'ఇది ఎడమ స్టీరింగ్ కారుది, మీకు సరిపోతుందా' అని అడిగి చూడండి. 'పర్వాలేదు, డబ్బు ఎలా పంపమంటారు' అని జవాబొస్తే అక్కడితో ఆపేయండి.

ఎక్కువ పంపినవాడి కథ

రెండేళ్ల కిందట ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్లవాడు. గేర్‌బాక్సు ఒకటి 900 డాలర్లకు ప్రకటన పెట్టాడు. దుబాయిలో గ్యారేజీ ఉందన్న ఒకాయన ఒప్పుకుని, కొరియర్‌లో బ్యాంకు డ్రాఫ్టు పంపాడు. దాని మీద 2,900 డాలర్లని ఉంది. నీ 900 నువ్వు ఉంచుకో, మిగతా 2,000 నా షిప్పింగ్ ఏజెంటుకు మనీ ట్రాన్స్‌ఫర్ చెయ్యి, ఆయనే వచ్చి సరుకు తీసుకెళ్తాడని చెప్పాడట.

"అన్నా, డబ్బు నా అకౌంట్‌లో కనిపిస్తోంది. ట్రాన్స్‌ఫర్ కౌంటర్ ఎక్కడుందో చెప్తావా?" అన్నాడు.

"తమ్ముడూ, ముందు నీ బ్యాంకుకు పోదాం పద" అన్నాను.

కౌంటర్‌లో ఉన్నామెను మేం ఒకటే అడిగాం. డబ్బు కనిపిస్తోంది సరే, డ్రాఫ్టు ఇచ్చిన బ్యాంకు దీన్ని నిజంగా చెల్లించిందా అని. ఆమె చూసి, ఇంకా లేదు, ఆగమంది. పన్నెండు రోజులకు డ్రాఫ్టు నకిలీదని తిరిగొచ్చింది. ఖాతాలో కనిపించిన 2,900 మాయమైంది. ఆ రోజు కౌంటర్‌కు వెళ్లి 2,000 పంపి ఉంటే అది ఆ కుర్రాడి సొంత డబ్బు అయ్యుండేది. ముగ్గురితో కలిసి ఉంటున్న గదికి అతని వాటా నాలుగు నెలల అద్దె. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపిన డబ్బు.

ఈ మోసానికి ఆధారం ఒక్కటే. డబ్బు కనిపించడానికీ, డబ్బు మనది కావడానికీ మధ్య కొన్ని రోజులుంటాయి. చెక్కైనా డ్రాఫ్టైనా బ్యాంకు ముందుగా మన ఖాతాలో చూపిస్తుంది. అది నకిలీదని తేలితే తిరిగి తీసేసుకుంటుంది. ఆ లోపల మనం పంపింది మాత్రం వెనక్కి రాదు. మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్లలో కట్టిన డబ్బును అవతల క్షణాల్లో తీసేసుకుంటారు. ఈ దారిలో ఎంత డబ్బు పోయిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మోసగాళ్లకు తన వ్యవస్థ ఉపయోగపడుతున్నా సరిగా అడ్డుకోలేదన్న అభియోగాల మీద వెస్ట్రన్ యూనియన్ సంస్థ 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వానికి 58.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

కాబట్టి సూత్రం ఇది: అడిగినదానికంటే ఎక్కువ పంపినవాడికి వస్తువు అమ్మకండి. తేడా డబ్బు ఎవరికీ పంపకండి. చెక్కును వెనక్కి పంపడం కాదు, తీసుకెళ్లి బ్యాంకుకు చూపించండి.

ఈ-మెయిల్ నమ్మొద్దు, ఖాతా తెరిచి చూడండి

డ్రాఫ్టుల కంటే ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి దొంగ ఈ-మెయిళ్లు. 'మీకు పేపాల్‌లో 640 డాలర్లు వచ్చాయి. పార్సిల్ ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదల చేస్తాం' అని ఉంటుంది. రంగులు, గుర్తులు అచ్చం అలాగే ఉంటాయి. ట్రాకింగ్ నంబరు కోసం డబ్బు ఆపామనే ఇలాంటి మెయిల్‌ను చూసి సరుకు పంపకండి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, మీ అంతట మీరే యాప్ తెరిచి చూడండి. అక్కడ కనిపించని డబ్బు లేనట్టే లెక్క.

కెనడాలో మనం రోజూ వాడే ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్ పేరుతోనూ ఇలాగే వస్తాయి. లింకు నొక్కితే బ్యాంకుల పేర్ల జాబితా వస్తుంది. మన బ్యాంకు ఎంచుకుని పాస్‌వర్డ్ కొడితే అది దొంగ చేతికి వెళుతుంది. మీ బ్యాంకు యాప్‌లో ఆటోడిపాజిట్ పెట్టుకోండి. అప్పుడు వచ్చిన డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత 'డబ్బు తీసుకోవడానికి ఇక్కడ నొక్కండి' అని మెయిల్ వస్తే దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇండియాలో ఉన్న బంధువులకూ ఇది చెప్పండి. అక్కడ పాత సామాను అమ్మేవాళ్లకు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే.

డబ్బు నిజంగా వచ్చాక కూడా

పేపాల్‌లో డబ్బు నిజంగానే పడిందనుకుందాం. అప్పుడూ కథ అయిపోలేదు. అది దొంగిలించిన కార్డుదై ఉంటే అసలు యజమాని ఫిర్యాదు చేస్తాడు. పేపాల్‌లో కొనుగోలుదారు ఫిర్యాదు పెట్టడానికి 180 రోజుల గడువుంది. అమ్మేవాళ్లకు రక్షణ ఉంటుంది గానీ దానికి షరతులున్నాయి. లావాదేవీ పేజీలో ఉన్న చిరునామాకే పంపాలి. 'మా అన్నయ్య ఇంటికి పంపండి' అని తర్వాత మెసేజీ పెడితే పంపకూడదు. డబ్బు వెనక్కి ఇచ్చి, సరైన చిరునామాతో మళ్లీ కట్టమనండి. సరుకు చేరినట్టు కొరియర్ రుజువు ఉండాలి. 750 అమెరికా డాలర్లు దాటితే అందుకున్నవాళ్ల సంతకం కూడా ఉండాలి. మనిషి వచ్చి చేతికి తీసుకెళ్తే ఈ రక్షణ వర్తించదు. విదేశీ బేరగాడు పేపాల్‌లో కట్టి, 'టొరంటో నుంచి మా వాడొచ్చి తీసుకెళ్తాడు' అనడంలో ఉన్న ఎత్తు ఇదే. చేతికిచ్చే బేరమైతే నగదు తీసుకోండి. అదీ నలుగురు తిరిగే చోట. ఒంటారియో ప్రావిన్షియల్ పోలీసులు ఇందుకోసమే 'ప్రాజెక్ట్ సేఫ్ ట్రేడ్' పేరుతో తమ స్టేషన్ల పార్కింగ్ స్థలాలను వాడుకోనిస్తున్నారు.

వస్తువు మార్చి తిప్పి పంపే మోసం ఒకటుంది. మన మంచి కంప్యూటర్ బాక్సు ఉంచుకుని, తన కాలిపోయినది మనకు పంపి 'పనిచేయలేదు' అంటాడు. ప్రకటనలో చెప్పినట్టు లేదనే ఫిర్యాదుకు పేపాల్ అమ్మకపు రక్షణ వర్తించదు. అందుకని నేను ప్రతి భాగం సీరియల్ నంబరు ఫొటో తీస్తాను. అతినీలలోహిత కాంతిలోనే కనిపించే సిరాతో లోపలివైపు ఒక గుర్తు పెడతాను. పెట్టెలో పెట్టి టేపు వేసేదాకా ఒకే వీడియోలో ఆపకుండా తీస్తాను. ప్రకటనలో ఉన్న చిన్న గీత కూడా దాచను. నిజాయితీగా రాసిన ప్రకటన తగాదాలో మనకే సాక్ష్యం.

కస్టమ్స్ కాగితం మీద అబద్ధం వద్దు

'బహుమతి అని రాయండి, 20 డాలర్లు విలువ వేయండి' అని కొందరు నిజమైన బేరగాళ్లు కూడా అడుగుతారు. రాయకండి. కాగితం మీద సంతకం మనది. పార్సిల్ పోతే బీమా కూడా ఆ 20 డాలర్లకే వస్తుంది. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేని రోజులు 2025 ఆగస్టు 29తో పోయాయి. సుంకం ఎవరు కడతారో బేరంలోనే తేల్చుకోండి. అమెరికా కాకుండా ఇతర దేశాలకు 2,000 కెనడా డాలర్లు, ఆ పైన విలువచేసే వాణిజ్య సరుకు పంపేటప్పుడు కెనడా సరిహద్దు సేవల సంస్థకు ఎగుమతి ప్రకటన ఇవ్వాలి. ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టు ప్రీటెన్షనర్లలో పేలుడు పదార్థం ఉంటుంది. వాటిని ప్రమాదకర సరుకుగా లెక్కిస్తారు, మామూలు పార్సిల్‌లో వేయకూడదు. వాటి జోలికి నేను పోను.

ఖాతా ఎవరికీ అరువివ్వొద్దు

పిల్లలకు మరీ మరీ చెప్పేది ఇది. 'మా కస్టమర్ల డబ్బు నీ ఖాతాలో పడుతుంది, పది శాతం ఉంచుకుని మిగతాది పంపు' అని అడిగితే అది వ్యాపారం కాదు. వేరెవరినో ముంచిన డబ్బు మన ఖాతా గుండా వెళుతోందన్నమాట. చివరికి పోలీసుల ముందు నిలబడేది మనమే. చదువు కోసం పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి ఇంకా పెద్దది.

మోసం జరిగినా, జరగబోయి తప్పిపోయినా చెప్పండి. ముందు బ్యాంకుకు, తర్వాత స్థానిక పోలీసులకు, ఆ తర్వాత కెనడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కు. నంబరు 1-888-495-8501. 1993లో 'ఫోన్‌బస్టర్స్' పేరుతో నార్త్ బేలో మొదలైన ఈ కేంద్రాన్ని ఇప్పుడు కెనడా జాతీయ పోలీసులు, ఒంటారియో పోలీసులు, కాంపిటీషన్ బ్యూరో కలిసి నడుపుతున్నాయి. 2022లో తమకు అందిన ఫిర్యాదుల ప్రకారం జనం పోగొట్టుకున్నది 53 కోట్ల డాలర్లని ఆ కేంద్రం చెప్పింది. ఫిర్యాదు దాకా వచ్చేది నూటికి ఐదు నుంచి పది మోసాలేనని దాని అంచనా. మిగతావాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు. ఇండియాలో ఉన్నవాళ్లు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

ఇదంతా చదివి విదేశీ బేరాలే మానుకోమని కాదు. లాగోస్‌లో, షార్జాలో రెంచి పట్టుకుని ఎదురుచూసే మెకానిక్కులు నిజంగా ఉన్నారు. వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి నా దగ్గరే కొంటున్నారు. డబ్బు పూర్తిగా వచ్చేదాకా ఆగండి అంటే వాళ్లు ఆగుతారు, ఎందుకంటే వాళ్లకు కావలసింది ఆ పార్టే. ఆగలేనన్నవాడికి మీ పార్టుతో పని లేదు. వాడిని పోనివ్వండి. గేర్‌బాక్సు అల్మరాలో ఇంకో నెల ఉంటే పాడైపోదు.