పాట సగం, జనం సగం

హైదరాబాద్ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ అంటే తెర, వేదిక, వరసగా కుర్చీలు. అక్కడికి దగ్గర్లోనే, అశోక్‌నగర్ పక్కనున్న ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో పాట అంటే డప్పు, గజ్జెలు, చుట్టూ నిలబడ్డ జనం. ఈ రెండో రకం కచేరీ ఎంత పెద్దది కాగలదో 1990 ఫిబ్రవరిలో నగరం చూసింది. అజ్ఞాతం వీడి వచ్చిన విప్లవ గాయకుడు గద్దర్, జననాట్యమండలి అనే సాంస్కృతిక బృందంతో నిజాం కాలేజీ మైదానంలో పాడారు. నారాయణగూడ నుంచి నడిచి వెళ్లగలిగే చోటది. దాదాపు 2 లక్షల మంది వచ్చారని చెప్తారు.

ఒక గొంతు, కొన్ని వాద్యాలు అంత జనాన్ని ఎలా పట్టి నిలపగలిగాయి?

కిటుకు బుర్రకథలో ఉంది. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. చరణం చివరికి రాగానే పాటను వంతలు అందుకుంటారు. ఆ కాస్త వ్యవధిలో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, జనం ముఖాలు చూస్తాడు, తర్వాత ఏం చెప్పాలో తేల్చుకుంటాడు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అంటే మన గద్దర్, బుర్రకథ చెప్పిన అనుభవంతోనే జననాట్యమండలిలోకి వచ్చారు. 1972లో మొదలైన ఆ బృందం వంతల పనిని జనానికి అప్పగించింది. పల్లవి చిన్నది, బాణీ ఊళ్లో అందరికీ తెలిసింది. రెండోసారికే మైదానమంతా కోరస్ అవుతుంది. గద్దర్ మధ్యలో పాట ఆపి మాట్లాడేవారు, ప్రశ్న వేసేవారు, మళ్లీ పల్లవి ఎత్తుకునేవారు. గోచి, గొంగడి, చేతికర్ర, కాళ్లకు గజ్జెలతో ఆయన అడుగే తాళమయ్యేది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు తన పల్లె బాణీలతో వచ్చి కలిశాక ఆ పాటకు మరో ప్రాంతపు యాస తోడైంది.

ఇక డప్పు. కొయ్య చట్రానికి బిగించిన తోలు గాలిలో తేమ పీల్చి వదులవుతుంది, మోత మొద్దుబారుతుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు గడ్డో కాగితాలో మంటేసి డప్పులు కాస్తారు. వేడికి తేమ ఆరి తోలు బిగుస్తుంది. కళాకారుడు మధ్యమధ్యలో వేలితో కొట్టి చూస్తాడు. మోత ఖంగుమన్నాకే భుజానికి తగిలించుకుంటాడు. ఒక చేతిలో పొట్టి సిర్ర, మరో చేతిలో సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ అడుగులను నడిపిస్తుంది, పుల్ల ఆ దెబ్బల నడుమ ఖాళీని నింపుతుంది. గొంతుకు మైకు కావాలేమో గానీ డప్పుకు అక్కర్లేదు.

అమెరికాలో 1965 జులైలో గాయకుడు బాబ్ డిలన్ న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే శ్రోతల్లో కొందరు కేకలేసి నిరసన తెలిపారు. జానపదానికి రాక్ హోరును జోడించడం అక్కడ పెద్ద వివాదం. మనకు ఆ హోరు డప్పులో పుట్టుకతోనే ఉంది. పైగా ఆ డప్పును తరతరాలుగా మోసింది ఊరు అంటరానివారని వెలివేసిన దళితులు. వాళ్ల వాద్యం నగరం నడిబొడ్డున వేదికెక్కడమే ఒక సామాజిక మార్పు.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఆటపాటల కార్యక్రమం, జనాన్నే కోరస్ చేసే ఇదే పద్ధతిని తెలంగాణ ఉద్యమంలో ఊరూరా తిప్పింది. ఊరు మారితే పాటలో ఆ ఊరి చెరువు, ఆ ఊరి గోస చేరేవి. బృందం పాతబడేకొద్దీ పాట కొత్తబడటానికి కారణమిదే.

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ఇవాళ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు తెలంగాణ ఉద్యమం సిలబస్‌లో ఒక భాగం. పుస్తకంలో అది ఒక ప్రశ్న కావచ్చు. కానీ ఆ పాట బతకాలంటే కంఠస్థం చేసేవాళ్లు చాలరు, కోరస్ అందుకునేవాళ్లు కావాలి. వాళ్లు గుమిగూడటానికి నగరంలో నలుగురికీ అందుబాటులో మైదానాలు కావాలి. ఆ జాగా కాపాడటం పాటను కాపాడటంలో సగం పని.