తంజావూరు డెల్టా: శివారు కాలువ కథ

తంజావూరు అనగానే మన తెలుగువాళ్లకు తిరువయ్యారులో త్యాగరాజు, సరస్వతీ మహలు, నాయకరాజుల కొలువులోని యక్షగానాలు గుర్తొస్తాయి. మంచిదే. కాని ఆ కొలువులకు గింజలు పండించి పెట్టిందెవరో కూడా తెలుసుకోవాలంటాం మేము.

కుడగు కొండల్లో పుట్టిన కావేరి తిరుచ్చి దాటక ముందే రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం పల్లంలో ఉంది, నీటినంతా లాగేసుకుంటుంది. ఆ నీరు డెల్టాకు మళ్లాలనే కల్లణై కట్టారు. కట్టించినవాడు కరికాల చోళుడని ప్రతీతి. 1836లో కొల్లిడం మీద ఆనకట్టల పని చేపట్టింది మన కాటన్ దొరే. అక్కడ చెయ్యి తిరిగాకనే ధవళేశ్వరం వచ్చాడు. ఆ లెక్కన గోదావరి రైతుకూ తంజావూరు రైతుకూ చుట్టరికం ఉన్నట్టే!

మనకు సార్వా, దాళ్వా ఉన్నట్టు వాళ్లకు కురువై, సాంబా, తాళడి. కురువై నాట్లు పడాలంటే జూన్‌లో నీళ్లు కావాలి. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక జూన్ 12న గేట్లెత్తడం ఆనవాయితీ అయింది. ఆడి నెల పద్దెనిమిదో నాడు ఆడవాళ్లు ఏటి ఒడ్డుకు చిత్రాన్నాలు పట్టుకెళ్లి కావేరమ్మకు పూజ చేస్తారు. కొత్త నీటికి చేసే పండగ అది. నీళ్లే రాకపోతే ఇంక పండగెక్కడిది?

ఈ పంటంతా చేరిలో ఉండే దళితుల రెక్కల మీద పండింది. పన్నయాళ్ అంటే మన పాలేరే, తరతరాలుగా ఒకే మిరాసుదారుకు కట్టుబడినవాడు. ఎదురు చెబితే కొరడా దెబ్బలు, పేడనీళ్లు తాగించడం. 1940లలో కన్నడిగుడైన బి. శ్రీనివాసరావు ఆ చేరిల్లో తిరిగి ఎర్రజెండా కింద కూలీలను కూడగట్టాక ఆ శిక్షలకు అడ్డుకట్ట పడింది. 1952లో పన్నయాళ్ రక్షణ చట్టం వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన మిరాసుదారు మారతాడా? 1968 డిసెంబరు 25 రాత్రి కీళవెణ్మణిలో ప్రాణభయంతో ఒకే గుడిసెలో దూరిన 44 మందిని సజీవంగా తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పసిపిల్లలు. వాళ్ల నేరమల్లా కోతకూలి కాస్త పెంచమనడం, ఎర్రజెండా దించకపోవడం. కింది కోర్టు శిక్షలు వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను వదిలేసింది. కార్లున్న పెద్దమనుషులు తామే నడిచొచ్చి నిప్పు పెడతారంటే నమ్మలేమంది. ప్రధాన నిందితుడైన భూస్వామి పేరు చివర 'నాయుడు' అని ఉంది. త్యాగరాజును మనవాడని చెప్పుకునే మనం దీన్నీ గుర్తుంచుకోక తప్పదు.

ఇప్పుడు నీటి సంగతి. 2007లో ట్రిబ్యునలు కర్ణాటక నుంచి తమిళనాడుకు 192 టీఎంసీలన్నది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని 177.25కి తగ్గించింది. 2012 నుంచి 2019 వరకు వరుసగా ఎనిమిదేళ్లు జూన్ 12న మేట్టూరు గేట్లు లేవలేదు. 2024లో జూలై 28 దాకా ఆగాల్సి వచ్చింది. బోరున్న రైతు ఎలాగో కురువై వేసుకుంటాడు. నాగపట్నం వైపు శివారు భూముల్లో బోరు వేస్తే ఉప్పునీరే. అక్కడివాడు కాలువ వంకే చూడాలి. గేట్లెత్తినా నీళ్లు ముందు తల భూములకు అందుతాయి, శివారుకు చేరేది ఆఖరునే. ఈలోగా ఈశాన్య రుతుపవనం పట్టుకుంటే ఎండిన చేనే మునుగుతుంది. 2018 నవంబరులో గజ తుపాను వేదారణ్యం దగ్గర తీరం దాటి కొబ్బరితోటలు నేలకూల్చింది.

ఇక కూలీలంటారా? ఒకప్పుడు కోతకు ఊరూ వాడా కదిలేది, ఇప్పుడు కోత మిషను దిగుతోంది. పిల్లలు తిరుప్పూరు బనియన్ల ఫ్యాక్టరీలకు బస్సెక్కుతున్నారు. నాట్లు మాత్రం చాలాచోట్ల ఇంకా ఆడవాళ్లవే. కాలువలో నీళ్లొచ్చిన ఏడు వాళ్లకు పని ఉంటుంది. రాని ఏడు చేలకు నష్టపరిహారమంటూ ఏదైనా వస్తే అది పట్టాదారు పేరునే వస్తుంది.