నాలుగో వంతు ఎక్కువా? ఎనిమిదో వంతు ఎక్కువా?

హుజూరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో వరి విత్తనం పండించే ఇండ్లు చాలా ఉన్నాయి. ఆ ఇండ్ల పిల్లలకు ఎకరం తెలుసు, గుంట తెలుసు. బడిలో భిన్నాలు రాగానే మాత్రం తికమక పడతారు.

మీ పిల్లగాణ్ణి అడిగి చూడండి. నాలుగో వంతు ఎక్కువా, ఎనిమిదో వంతు ఎక్కువా?

"ఎనిమిదో వంతే. నాలుగు కన్న ఎనిమిది పెద్దది గద!" అంటడు.

తిట్టకండి. పెద్దలు కూడా ఇట్లనే పొరపడతారు. అమెరికాలో 1980ల్లో ఒక హోటళ్ల కంపెనీ మాంసం పెట్టిన రొట్టె అమ్మింది. అందులో మాంసం పౌండులో మూడో వంతు. ఇంకో కంపెనీ రొట్టెలో నాలుగో వంతే. అయినా జనం మొదటిదాన్ని అంతగా కొనలేదు. మూడు కన్నా నాలుగు పెద్దది కదా అనుకున్నారట! ఆ యజమానే తర్వాత తన పుస్తకంలో ఈ సంగతి రాసుకున్నాడు.

పిల్లగాని ముందు ఒక జొన్నరొట్టె పెట్టండి. నలుగురికి పంచమనండి. అంతే ఉన్న ఇంకో రొట్టెను ఎనిమిది మందికి పంచమనండి. తినేవాళ్లు పెరిగితే ముక్క చిన్నదైతది. వాడే చెప్తడు. రెండు రొట్టెలూ సమానంగా ఉండాలె, మరవద్దు. చిన్న రొట్టెలో సగాన్ని, పెద్ద రొట్టెలో పావును పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన లెక్క. ఒక ఎకరం పంచుతున్నారు. "నీకు అయిదులో రెండు వంతులు కావాల్నా, ఎనిమిదిలో మూడు వంతులు కావాల్నా?" అని పెద్దమనుషులు అడిగారు. మూడు అనే మాట చెవిన పడగానే అదే ఎక్కువ అనిపిస్తుంది. సంతకం పెట్టకముందే గుంటల్లోకి మార్చి చూడండి.

ఎకరానికి 40 గుంటలు. అయిదు భాగాలు చేస్తే ఒక్కో భాగం 8 గుంటలు. రెండు భాగాలు 16 గుంటలు.

ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం 5 గుంటలు. మూడు భాగాలు 15 గుంటలు.

గుంట తేడా వచ్చింది. గుంట అంటే 121 చదరపు గజాలు. ఇల్లు కట్టుకునే జాగ పోయినట్టే!

బడిలో పంతులు "హారాలు సమానం చేయండి" అంటాడు. భిన్నంలో గీత కింది అంకె హారం. మొత్తాన్ని ఎన్ని భాగాలు చేశామో అది చెబుతుంది. గీత మీది అంకె లవం. ఎన్ని భాగాలు తీసుకున్నామో చెబుతుంది. మనం పైన చేసింది హారాలు సమానం చేయడమే. 5ను 8తో గుణిస్తే 40. కాబట్టి 2/5 అంటే 16/40. 3/8 అంటే 15/40.

మరి మూడో వంతు వస్తే? 40 గుంటలు మూడుకు సరిగ్గా తెగవు. అప్పుడు గుంటలను పక్కన పెట్టాలె. 1/3ను, 3/8ను పోల్చాలంటే 3ను 8తో గుణించండి. 24 వస్తుంది. 1/3 అంటే 8/24. 3/8 అంటే 9/24. ఏది ఎక్కువో ఈసారి మీ పిల్లగాణ్ణే చెప్పమనండి.