తామర తగ్గేది ట్యూబుతో కాదు

వానలు ముఖం చాటేసిన ఏడు కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ వైపు పల్లెలు పిల్లాజెల్లాతో సుగ్గికి కదులుతాయి. గుంటూరు మిరపచేల గట్లమీద పట్టా గుడిసెలు. పదిమందికి ఒకటే దుప్పటి, ఒకటే తువ్వాలు. తాగేందుకే నీళ్లు కరువైనచోట రోజూ స్నానమెక్కడిది? చెమటకు నానిన నడుము, గజ్జలు, చంకల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ లేస్తుంది. రాత్రయితే దురద నిద్రపోనివ్వదు. కడప పల్లెల్లోని కూలీలకూ ఈ బాధ కొత్తది కాదు.

అదే తామర. రక్తం చెడి వచ్చేది కాదు, శాపం అసలే కాదు. చర్మం మీద పెరిగే ఒకరకం బూజు. సిగ్గుపడి దాచుకుంటే ఇంటిల్లిపాదికీ అంటుతుంది.

అంగడికి పోయి "దురదకు మందియ్యన్నా" అంటే ఒక ట్యూబు చేతిలో పెడతారు. రెండ్రోజుల్లో తగ్గినట్టే ఉంటాది, మానితే రెండింతలై లేస్తాది. కారణమేమి? అలాంటి ట్యూబులు చాలావాటిలో క్లోబెటాసోల్, బెటామెథాసోన్ వంటి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అది బూజును చంపదు. దురదను అణచి, రోగంతో పోరాడే ఒంటి శక్తిని నిద్రపుచ్చుతుంది. ఆ సందున బూజు పాకిపోతుంది, చర్మం పలచబడి చారలు పడుతుంది. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018 మార్చిలో కేంద్రం ఉత్తర్వు చేసింది. ఉత్తర్వు కాగితం మీద, లాభం కంపెనీ పెట్టెలో, రోగం కూలీ ఒంటిమీద!

ఇప్పుడు బూజు కూడా మొండికెత్తింది. టెర్బినాఫిన్ మాత్రకు తరచు లొంగని రకాన్ని 2020లో జపాన్ పరిశోధకులు గుర్తించి, మన దేశం పేరు కలిపి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అన్నారు. 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లోనూ అది కనబడింది.

అయినా నయం కాని రోగం కాదిది. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో చర్మ డాక్టర్లున్నారు. ఇట్రాకొనజోల్ వంటి మాత్రలు, స్టెరాయిడ్ లేని పూతమందు వారాల తరబడి వాడాల్సి వస్తుంది. మచ్చ మాయమైందని మధ్యలో మానరాదు. గర్భిణులు, గుండె, కాలేయ జబ్బులున్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. తామర ఉన్న ఇంటివాళ్లందరూ ఒకేసారి మందు వాడాలి. తువ్వాలు, లోబట్టలు ఎవరివి వారికే ఉండాలి. వాటిని వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. తడిబట్ట ఒంటిమీద ఆరనివ్వరాదు.

ఇవన్నీ చెప్పడం సులువే. నీళ్లు లేనివాడు ఉతికేదెట్లా? కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని పట్నం ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరగగలడు? అందుకే మేము అడిగేది: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పూర్తి వైద్యానికి సరిపడా మందులు ఉచితంగా ఇవ్వాలి. సుగ్గి కూలీలున్న చోటికి నీళ్లు, వైద్యులు రావాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే దుకాణాల మీద తనిఖీ జరగాలి. కూలీ సంఘాలు కూలిరేట్లతోపాటు ఈ కోరికలనూ అర్జీల్లో చేర్చాలి. ఒంటి చర్మం కూడా మన హక్కే!